రేంజరు సారు, మా బడి చాపలు

మా రేంజరు సారు పోయిండు. మొన్న పొద్దుగాల సుల్తానాబాద్‌ల మా పక్కింటోళ్ల ఫోనుకు నిర్మల్ నుంచి ఆయన తమ్ముడు చెప్పిండు. "అమ్మా, అన్న నిద్రలనే పోయిండు." ఫోను పట్టుకోని నిలవడ్డ. ఈ దసరాకు పోయి చేతిల జమ్మి పెడితె నిండుగ నవ్విండు గదా, గింతలనే ఏమాయె!

ఆయన నాకు చుట్టం గాదు. ఎనభైలల్ల నేను ఉట్నూర్ అవతల ఒక గూడెంల పంతులమ్మను, ఆయన ఆ అడివికి రేంజరు. అప్పుడు టేకు దొంగల ముఠా మంచి జోరు మీదుండె. దాన్ని నడిపేది ఎవరో సేటు, ఎన్నడు కండ్లవడలే. ఆ సేటు మనిషి మాత్రం వానకాలం జీపేసుకోని వచ్చి గూడెం మొగోళ్లను తోలుకపోయేటోడు. వాళ్లతోని టేకు కొట్టించి, వాగుల తేలేసి దాటించేటోడు.

సారు వారం వారం అంగడి నాడు తప్పకుండ బడికి వచ్చేటోడు. మెట్ల కింద చెప్పులు ఇడిసి, నా దిక్కు కాదు, ముందుగాల పిల్లలు కూసునే చాపల దిక్కు చూసేటోడు. "టీచరమ్మా, పెద్ద పిల్లలు వస్తుండ్రా?" అని అడిగేటోడు. నేను మురిసిపోయిన. ఫారెస్టోళ్లల్ల చదువంటే ఇంత పావురం, ఇంత ప్రేమ ఉన్న మనిషున్నడా అని! బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు సుత చెప్పిన, మా రేంజరు గొప్ప విద్యాప్రేమికుడని. నవ్వకుండ్రి, నా తెలివి గంతనే ఉండె.

ఒక వానకాలం సారు పెద్ద దాడి చేసిండు. లారీల కొద్ది దుంగలు దొరికినయి. నా బడిల చదివే సోంబాయి తండ్రి జంగు, ఇంకొందరు జైలుకు పోయిండ్రు. కొన్నొద్దులకు పెద్దసార్లు వచ్చి రేంజరు మెడల దండేసి, ముఠా నడుం ఇరిగిందని భాషణం చేసిండ్రు. ఆ దండతోనే సారు బడికి వచ్చిండు. చాపలు సగం ఖాళీగున్నయి.

"ఇరుగలే," అన్నడు. దండ తీసి వరండా గుంజకు తగిలేసిండు.

"ఏం ఇరుగలే సారూ?"

అప్పుడు ఇప్పి చెప్పిండు. మొగోళ్లు దుంగలకు పోతె ఇంట్ల పసులు, చిన్న పోరలు పెద్ద పిల్లల మీద పడతరు. బడి ఖాళీ అయిందంటే ముఠా నడుస్తున్నట్టే. "దుంగలు లెక్కవెడితె మనం ఎంత పట్టినమో తెలుస్తది గని, వాళ్లు ఎంత గట్టిగున్నరో తెల్వది టీచరమ్మా. దెబ్బ తిన్నంక ఎంత జల్ది లేస్తరు, గదీ వాళ్ల బలం. పోయినసారి నెల వట్టింది. ఈసారి దండ వాడకముందే లేచిండ్రు. జంగు పోతె ఇంకోడు ఎక్కిండు జీపు."

నాకు ఒళ్లు మండింది. "అంటే ఇన్నొద్దులు నా బడి మీకు థర్మామీటరా? గూడెంల తెలిస్తె ఒక్క పోరన్నన్న పంపుతరా? నా బడి మూతవడాల్నా?" నోరు ఆగితె గద! "జరం చూసుడే తెలుసా సారూ, మందిచ్చుడు రాదా?"

ఆయన చాయ గూడ తాగకుండ లేచిపోయిండు.

పోయింది ఇంటికి కాదు, జంగు ఇంటికి. అరుగు మీద కూసుండి జంగు పెండ్లాన్ని అడిగిండట, జీపు ఎప్పుడొస్తది అని. ఇంట్ల గింజలు అయిపోయినప్పుడు, అన్నదట ఆమె. జీపుల జొన్న మూటలు ఉంటయట. మల్ల అంగడికి వచ్చి నాతోని అన్నడు: "ఆకలిని జైల్ల ఏసుడు రాదు టీచరమ్మా."

ఇగ పై ఆఫీసుల కొట్లాట షురువు చేసిండు. మొక్కలు నాటనీకి బయటి కూలోళ్లను తెచ్చుడు బంద్ చెయ్యాలె, ఆ పని గూడెపోళ్లకే ఇయ్యాలె, కూలి వారం వారం గింజల్ల ఇయ్యాలె. "దొంగలను మేపుతవా?" అన్నరట పైనోళ్లు. దుంగలు పట్టుడు తగ్గిందని బదిలీ చేస్తమని బెదిరిచ్చిండ్రు. మనిషి మొండి, ఇడువలే. సాధించుకోనే వచ్చిండు.

మల్ల వానలు వడ్డయి. జైలు నుంచి వచ్చిన జంగునే మొదలు పనిల పెట్టుకున్నడు. ఒకనాడు జీపు రానే వచ్చింది, మా బడి ముందుకెల్లే గూడెంలకు పోయింది. నేను పాఠం ఆపి వరండాల నిలవడ్డ. ఇప్పుడు గిట్ల మొగోళ్లు ఎక్కిండ్రంటే సారు బదిలీ ఖాయం, నా పిల్లలు మల్ల పసుల ఎంట.

జీపు వాపస్ వచ్చింది. డ్రైవరు, సేటు మనిషి, జొన్న మూటలు. ఇంకెవరూ లేరు.

తెల్లారి పిల్లలు తడుసుకుంట వచ్చిండ్రు. సోంబాయి తమ్మున్ని సంకల ఏసుకోని వచ్చింది. "బాపు రోజూ ఇంటికి వస్తుండు టీచర్, పసులను తనే చూస్తుండు," అన్నది. అంగడి నాడు సారు వచ్చి, నిండిన చాపలు చూసి, వరండాల చతికిలవడ్డడు. "జర చాయ పోస్తవా టీచరమ్మా?" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లున్నయి, నా కండ్లల్ల సుత.

ముఠా సచ్చిందని నేను చెప్ప. ఇంకో అడివికి పోయి ఉంటది. గని మా గూడెంల దానికి మల్ల మనిషి దొరకలే. సారుకు తర్వాత బదిలీ అయింది. అప్పటికి ఆయనకు ఆ ఫికర్ లేకుండె.

మొన్న నేను నిర్మల్ చేరేసరికి మధ్యాన్నమైంది. దూరం నుంచి సారు బిడ్డ రావాలని శవాన్ని ఆపిండ్రు. అంతల ఒక జీపు వచ్చి ఆగింది. తల నెరిసిన జంగు దిగిండు. వెనక ఎండు కట్టెలు నిండుగున్నయి.

"సారుకు తెచ్చిన టీచరమ్మా," అని, అంగీ జేబుల నుంచి మడత కాయిదం తీసిండు. "ఫారెస్టు ఆఫీసుల ఈ కట్టెలకు పర్మిటు రాయించుకొచ్చిన."

"గిప్పుడు నిన్నెవరు అడుగుతరు జంగూ?"

"సారు అడుగుతడు గద," అన్నడు.

మడత ఇప్పి, కాయిదాన్ని సారు ముఖం ముందల పట్టి, ఆయన చదివేంత సేపు అట్లనే నిలవడ్డడు.