పిట్ట ముట్టని పొద్దు

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ పోయిన మరునాడు విశాఖపట్నం మీద తుఫాను పడింది. తమ్ముడికి అక్కడే ఉద్యోగం. కబురు అందగానే స్టేషన్‌కు వెళ్లాడు. రైళ్లు ఆపేశారని అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఆ తర్వాత అతని ఫోన్ కలవలేదు.

చావు జరిగిన ఇంట్లో టీవీ పెట్టరు. మైలలో ఉన్నవాళ్లు ఇంకొకరి గడప తొక్కరు. మంథనిలో మా ఎదురింటి ముసలామెను మేం ఖాలమ్మ అంటాం. ఆమె నా తిరుగుడు చూసి తన టీవీని వాకిలి వైపు తిప్పింది. నేను గేటు పట్టుకొని చూసేదాన్ని. విరిగిన చెట్లు, ఎగిరిపోయిన రేకులు, నీళ్లలో బస్సులు. చూపించిందే చూపించేవారు. స్టేషన్ కనిపిస్తుందేమోనని నిలబడేదాన్ని. కనిపిస్తే ఏం తెలుస్తుందో నాకే తెలియదు.

"జర కూసో బేటా, కుర్సీ బయటేస్త," అనేది ఖాలమ్మ. కూర్చుంటే కాళ్లు ఆగేవి కావు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి గోదావరి ఒడ్డుకు వెళ్లాం. అవ్వకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడాలి. ముట్టకపోతే పోయినవారి మనసులో ఏదో మిగిలిందంటారు. తుఫాను వాన ఇక్కడిదాకా వచ్చింది. ఒక్క కాకి లేదు. అన్నం నానిపోతోంది.

మేనమామ నా దగ్గరికి వచ్చాడు. "అక్క కొడుకు కోసం చూస్తున్నది. తమ్ముడు మంచిగున్నడని చెప్పు బిడ్డా. గప్పుడే ముడుతది."

"నాకు తెల్వది కద మామా."

"గన్ని పుస్తకాలు సదివినవ్, గీ ఒక్క మాట రాదా? మీ బాపు సూస్తే నోరే తెరుస్తలేడు."

బాపు తలమీద తువ్వాల కప్పుకొని నది వైపు చూస్తున్నాడు. మిగతా అందరూ నన్నే చూస్తున్నారు.

"అవ్వా, ఫోన్ కలుస్తలేదు. తెల్వంగనే ముందు నీకే చెప్త," అన్నాను.

కాకి రాలేదు. చివరికి విస్తరిని నీళ్లలో వదిలాం. దారంతా మామ నాకు దూరంగా, ముందు నడిచాడు.

మర్నాడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరి ఫోనో అడిగి తీసుకొని తమ్ముడే చేశాడు.

"అక్కా, పిట్ట ముట్టిందా?"

"ముట్టలే."

అతని వెనక చెట్లు కోస్తున్న రంపం చప్పుడు.

"కల్లు వెట్టుడు మర్చిపోయిండ్రా ఏంది?"

"పెట్టినం. వానకు నీళ్లయింది."

"గట్లయితే ఎట్ల ముడుతది? నేనొచ్చినంక మల్ల పెడ్దాం," అన్నాడు.

బాపు లోపల పడుకొని ఉన్నాడు. నేను ముందు పెరట్లోకి వెళ్లాను. గోడ ఇంకా తడిగానే ఉంది. దాని మీద ఏ పిట్టా లేదు.

"తమ్ముడు మంచిగున్నడవ్వా," అన్నాను.

తర్వాత వెళ్లి బాపును లేపాను.