పసుపు లేని పులుసు

ఆ ఉదయం మా ఆయన బాత్రూంలో నీళ్లు సరిగా పోయకుండా వచ్చేశారు. విసుక్కుంటూ బకెట్ ఎత్తినదాన్ని అలాగే ఆగిపోయాను. కమోడ్‌లో ఉన్నది తడి సున్నం ముద్దలా తెల్లగా ఉంది.

నేను చదివింది బీఎస్సీ జువాలజీ. మలానికి ఆ రంగు పైత్యరసం వల్ల వస్తుందనీ, అది కాలేయం నుంచి పేగులోకి దిగుతుందనీ పరీక్షల కోసం బట్టీపట్టాను. రంగు లేదంటే పైత్యరసం దిగడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? బకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

మాది యానాంలో ఫరంపేట. మా ఆయన శ్రీను అడవిపొలం వైపు రొయ్యల చెరువులు కౌలుకు చేస్తారు. అప్పటికి కొన్ని వారాలుగా ఆయనకు ఒళ్లంతా దురద. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. చెరువు నీళ్లు పడలేదనుకుని వేపాకు కాచిన నీళ్లు పోశాం. అయినా దువ్వెనతో వీపు గీరుకుంటూనే ఉండేవారు. ఆ రోజు వాకిట్లోకి పిలిచి ఎండలో చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి.

"పసిరికలేరా అబ్బాయ్," అన్నారు అత్తయ్యగారు కొడుకు కింది రెప్ప లాగి చూసి. ఆవిడ గొంతులో కంగారు లేదు. పచ్చకామెర్లను మా వైపు అలాగే అంటారు. దానికి మందు కూడా అందరికీ తెలిసిందే: గోదావరి అవతల ఊళ్లో పరగడుపున పసరు పోస్తారు, ఆ తర్వాత పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు అసలే లేదు. ఒంట్లో ఉన్న పచ్చదనం చాలదా అని అత్తయ్యగారు పసుపు డబ్బా తీసి అటక మీద పెట్టేశారు. మా వీధిలో ఎంతోమంది ఆ పసరు తాగి లేచి తిరిగినవాళ్లే. వాళ్లకు వచ్చిన కామెర్లు వేరనీ, చాలావరకు వాటంతటవే తగ్గేవనీ మాకు తర్వాత తెలిసింది.

"ఈ ఇంట్లో ఇంక పచ్చగా ఉన్నది నేనొక్కణ్ణేనే దేవీ," అని నవ్వేవారు ఆయన. పసరు తాగొచ్చి, చప్పిడి కూడు తిని తిని ప్యాంట్లు జారిపోతున్నాయి. దురద మాత్రం తగ్గలేదు.

"పసరుకి అడ్డం చెప్పట్లేదండి అత్తయ్యా. రక్తం కూడా ఓసారి చూపిద్దాం," అన్నాను.

యానాంలో చూసిన డాక్టర్ బిలిరుబిన్ రిపోర్టు చదివి మొదట అడిగింది ఆ తెలుపు గురించే. "ఇది దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లలా ఉందమ్మా. ఇవాళే అల్ట్రాసౌండ్ తీయించండి," అన్నారు. కాకినాడలో స్కాన్ తీస్తే కాలేయం లోపలి గొట్టాలు ఉబ్బి కనిపించాయి. ఆ గొట్టాలను ఇంకా వివరంగా చూపించే ఎమ్మార్సీపీ స్కాన్ తీశాక విశాఖ వెళ్లమన్నారు.

విశాఖలో సర్జన్ మా ఆయన ఏం పని చేస్తారో అడిగి, కాగితం మీద గీసి చూపించారు. "కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టాలు మీ పొలాల్లో నీళ్లు పారే బోదెల్లాంటివి శ్రీనుగారూ. కుడి బోదె, ఎడమ బోదె కలిసేచోట తూముకి అడ్డంగా గడ్డ పడింది. దాన్ని హైలార్ కొలాంజియోకార్సినోమా అంటాం. అరుదైన క్యాన్సర్. అందరూ వినే లివర్ క్యాన్సర్ వేరు, ఇది వేరు. వైద్యం కూడా వేరే."

"నేను చుక్క కూడా ముట్టనండి," అన్నారు ఆయన వెంటనే. ఆ మాట ఎందుకన్నారో మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. మందు చవగ్గా దొరికే యానాంలో మగవాడికి కాలేయం జబ్బంటే ఎవరూ రెండో కారణం అడగరు. పక్కింటావిడ అప్పటికే, "శ్రీను కూడా చాటుగా వేసేవాడన్నమాట," అనేసింది.

"తాగనివాళ్లకీ వస్తుంది. చాలామందిలో ఎందుకొచ్చిందో మాకూ తెలీదు," అన్నారు డాక్టర్.

బయటికి వచ్చాక ఆయన అన్నారు: "తాగకుండానే పేరొచ్చేసింది. ఆ తాగేదేదో తాగేసినా పోయేది." నేను నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేశాను.

ఆపరేషన్ చేసి తీయగలిగితేనే ఆశ. ముందు కామెర్లు దిగాలి. గొట్టం తెరుచుకుని ఉండేలా లోపల స్టెంట్ వేశారు. కొద్దిరోజులు బాగానే ఉంది గానీ ఒక మధ్యాహ్నం మంచం ఊగిపోయేంత చలిజ్వరం వచ్చింది. స్టెంట్ మూసుకుపోయి గొట్టాల్లో ఇన్ఫెక్షన్ చేరింది, కొలాంజైటిస్ అన్నారు. ఈసారి పక్కటెముకల మధ్య నుంచి సన్నటి గొట్టం వేసి సంచి తగిలించారు. ముదురు రంగు పైత్యరసం అందులోకి దిగుతుంటే, ఇన్నాళ్లూ ఎక్కడికి పోతోందని నేను భయపడినది ఇదే కదా అనుకున్నాను. దురద తగ్గింది. ఆయన కంటినిండా నిద్రపోయారు.

అయినా సర్జన్ తేదీ ఇవ్వలేదు. ఆయన చేతి కండ పట్టుకుని చూసి, "ఇంతలా చిక్కిపోయారేంటి? పత్యం ఎవరు పెట్టారు?" అన్నారు.

అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. "నేనేనండి."

"కూర్చోండమ్మా. ఆయన కాలేయంలో సగానికి పైగా తీసేయాలి. మిగిలింది పెరగాలి. దానికి ఒంట్లో బలం కావాలి. గుడ్లు, చేపలు, పప్పు అన్నీ పెట్టండి. సగం ఆపరేషన్ మీ చేతుల్లోనే ఉంది."

"ఆయ్, పెడతానండి. మరి పసుపు?"

"పసుపు తిని రాలేదమ్మా ఆ పచ్చదనం. బయటికి దారి లేక వచ్చింది."

ఆసుపత్రి దగ్గర గది తీసుకుని ఆవిడ వండని రోజు లేదు. కొడుకు తలతిప్పుకుంటే, "నాలుగు ముద్దలేరా, నా బాబే," అని చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెట్టారు. పండుగప్ప చేప పులుసులో ఉప్పు, కారం, చింతపండు అన్నీ పడ్డాయి. పసుపు మాత్రం వేయలేదు. "డాక్టరుగారికి తెలిసింది డాక్టరుగారికి తెలుసు. నా మనసు ఒప్పదే," అన్నారు. నేను రెట్టించలేదు. ఆయన బరువు పెరుగుతున్నారు, అది చాలనుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్న లోపలికి వెళ్లిన మనిషి కోసం దీపాలు వెలిగేదాకా కూర్చున్నాం. సర్జన్ మాస్క్ కిందికి లాగి, "అనుకున్నట్టే గడ్డ మొత్తం వచ్చేసింది," అన్నారు. అత్తయ్యగారు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. తీసిన ముక్క బయాప్సీకి పంపితే అంచుల్లో క్యాన్సర్ లేదని వచ్చింది. ఆ తర్వాత నెలలపాటు కీమో మాత్రలు వాడారు. వాటి వల్ల అరికాళ్లు పగిలి తోలు ఊడితే చెరువు గట్టు మీద నడవలేక, మోటారు సైకిలు మీద కూర్చునే మేత వేయించేవారు.

ఇప్పుడు మాత్రలు అయిపోయాయి. ఆయన గట్లమీద మళ్లీ నడుస్తున్నారు. మూడు నెలలకోసారి స్కాన్ ఉంటుంది. ఆ వారమంతా నాకు అన్నం దిగదు. మొన్నటి స్కాన్ చూసి డాక్టర్, "ఇప్పటికి క్లియర్," అన్నారు. ఆ మొదటి మాటే బరువుగా ఉన్నా, రెండో మాటకి రోజూ దండం పెట్టుకుంటున్నాను.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నది ఒక్క మాట చెప్పడానికి. కళ్లు పచ్చబడినప్పుడు మలం తెల్లబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లు దురద పెట్టినా, పసరుకి వెళ్లేముందు అల్ట్రాసౌండ్ తీయించండి. చెప్పుకోడానికి సిగ్గుపడే ఆ రంగే మాకు దారి చూపించింది.

ఇన్నాళ్లూ మా అమ్మాయిలకు నాన్నకి పసిరికలనే చెప్పాం. మొన్న స్కాన్ నుంచి వచ్చిన సాయంత్రం పెద్దది లౌక్య బొమ్మ వేస్తోంది. సూర్యుడికి రంగు లేదు. పెట్టెలో పసుపు క్రేయాన్ లేదు. అడిగితే, నాన్నకి కనపడకూడదని ఎప్పుడో దాచేశానంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "నాన్నకి వచ్చింది పసిరికలు కాదమ్మా, క్యాన్సర్. పొట్టలో ఒక గొట్టం దగ్గర వచ్చింది. డాక్టర్లు తీసేశారు. అది అంటుకోదు, ఎవరి తప్పు వల్లా రాలేదు," అన్నాను.

"మళ్లీ వస్తుందా?" అంది లౌక్య.

"తెలీదమ్మా. వస్తే తొందరగా తెలియాలనే విశాఖ వెళ్తున్నాం. నీకు భయం వేస్తే నా దగ్గరికి వచ్చెయ్. నాకూ వేస్తుంది."

చిన్నది పండు నా ఒళ్లోకి ఎక్కింది. "అయితే నాన్న పసుపు తినొచ్చా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అత్తయ్యగారు ఏమంటారోనని చూశాను. ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కి, అటక మీది డబ్బా దించి, తుడిచి నా చేతికిచ్చారు.

"తినొచ్చు. ఇవాళ పులుసులో మీ ఇద్దరే వెయ్యండి," అన్నాను.