నానమ్మ దో పై, మేనల్లుడి బొడ్డు

ఆ రోజుల్లో నాకు మనుషుల ముఖాలకంటే రాగి బిళ్ళల ముఖాలే బాగా గుర్తుండేవి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణంలో కొత్తగా చేరాను. పగలంతా నట్లూ బోల్టులూ అందించి, ఇంటికి రాగానే భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాణ్ని. పాత నాణెం ఏ రకమో తేల్చాలంటే అంచు ఎంత అరిగిందో, అక్షరాల గీతలు నిలిచాయో లేదో, అన్నిటికీ మించి పైపొర ఎలా ఉందో చూడాలి. రాగి కాలం గడిచేకొద్దీ తనంతట తాను గోధుమరంగు పొర కప్పుకుంటుంది. ఆ పొర చెదరకుండా ఉంటేనే మొదటి రకం. తోమితే ఇక దాని పని అయిపోయినట్టే. (ఈ సంగతి ఇంట్లో అందరికీ ఒకటికి పదిసార్లు చెప్పాను. ఎవరూ వినలేదని తర్వాత తెలిసింది.)

ఒకరోజు నానమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతల్లోంచి నిజాం కాలపు దో పై, అంటే రెండు పైల రాగి నాణెం, ఒకటి బయటపడింది. ఎవరి చేతుల్లోనూ నలగని బిళ్ళ. అక్షరాల సందుల్లో టంకశాలనాటి ఎరుపు ఇంకా మిగిలే ఉంది. ఫోటో తీసి హైదరాబాద్‌లో నాణేలు బాగా తెలిసిన పెద్దసారుకు పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ముట్టకు, తుడవకు. ఆదివారం ప్రదర్శన ఉన్నది, పట్టుకొని రా. పొర అసలుదైతే నీ పేరు రాసి బల్ల మీద పెడ్త." అప్పటిదాకా నా పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఎక్కలేదు. ఎట్లాగైనా ఆ బల్ల ఎక్కాల్సిందేనని నిశ్చయించుకుని బిళ్ళను రుమాలులో చుట్టి అల్మారాలో దాచాను.

శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తే రుమాలు ఖాళీగా ఉంది. పురిటికి వచ్చిన అక్క ఒడిలో పసివాడు హాయిగా నిద్రపోతున్నాడు, నడుముకు తెల్లగుడ్డ చుట్టి ఉంది. మా వైపు పసిపిల్లలకు బొడ్డు ఉబ్బితే రాగి పైస పెట్టి గుడ్డతో కడతారు.

"నానమ్మా, అది ఆదివారానికి కావాలె."

"నా పెట్టెల పైస, నా మునిమనమడు. నడుమ నీదేంది?" అంది నానమ్మ. "బొడ్డు లోపలికి పోయేదాక ఇప్ప."

ఏడిస్తే లాభం లేదని తర్కానికి దిగాను. నా దగ్గరున్న అరిగిన బిళ్ళలన్నీ తెచ్చి ముందు పోశాను. "అది కొత్త బిళ్ళ, అక్షరాలు గరుకుగుంటయి, పిల్లగానికి ఒత్తుకుంటది. గీ అరిగినయి మెత్తగుంటయి."

"నాకెట్ల ఎర్క? నువ్వు పెట్టుకొని చూపియ్యి."

చూపించాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, చొక్కా పైకెత్తి, ఒక్కొక్క బిళ్ళనూ నా బొడ్డు మీద పెట్టుకుని "ఇది జర నయం, ఇది ఇంకా నునుపు" అని వరసగా తేల్చి చెబుతున్నాను. సరిగ్గా అప్పుడే మనవణ్ని చూడ్డానికి న్యాల్‌కల్ నుంచి బావగారి అమ్మ, వెంట అక్క ఆడపడుచులు ఇద్దరు లోపలికి వచ్చారు. అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా, కడుపు నొస్తుందా? దవాఖానకు పోదమా?"

"ఏం లేదమ్మా, పైసలు చూస్తున్నడు" అంది నానమ్మ. ఆడపడుచులు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం లేవలేదు. ఇంకా రెండు బిళ్ళలు మిగిలాయి మరి.

చివరికి బాగా అరిగినది ఒకటి నానమ్మకు నచ్చింది. అక్క గుడ్డ విప్పి నా దో పై నా చేతిలో పెట్టింది. అది ధగధగా మెరుస్తోంది. "చింతపండు, ఉప్పు ఏసి తోమిన. పసిపిల్లగానికి మురికి పైస కడ్తరా ఎవలన్న?" అంది నానమ్మ. ఒక వైపైనా మిగిలిందేమోనని తిప్పి చూశాను. "రెండు దిక్కులా తోమిన" అంది, నేను సంతోషిస్తాననుకుని. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అత్తమ్మ ఉంది కాబట్టి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అయినా ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఈ మెరుపు టంకశాలనాటిదేనని సారుకు అనిపిస్తుందేమో అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. సారు భూతద్దం కూడా తీయలేదు. "తోమిన్రు గద బిడ్డా" అని మెల్లగా నా చేతిలో పెట్టేశారు. ఇంటికొచ్చేసరికి నానమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏమన్నడు సారు?"

"బొడ్డుకే పనికొస్తదన్నడు."

"మరి నేను ముందుగాలనే కట్టిన గద" అని బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళింది.

బొడ్డు లోపలికి పోయింది. (దానంతట అదే పోతుందని డాక్టరు అన్నాడు. నానమ్మ ముందు ఆ మాట అనే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.) మేనల్లుడిప్పుడు క్రికెట్ బ్యాటుతో మా కిటికీలు పగలగొడుతున్నాడు. నానమ్మ లేదు. దో పై మాత్రం మళ్ళీ నా దగ్గరికే చేరి, అదే రుమాలులో ఉంది. మొన్న కిటికీ దగ్గర వెలుగుకు తిప్పి చూస్తే అంచు దగ్గర మెరుపు మాసి, లేత గోధుమరంగు కనబడినట్టే అనిపించింది. పూర్తిగా కప్పుకోవడానికి ఒక మనిషి ఆయుష్షు పడుతుందని సారు చెప్పారు. నా తలలో అప్పుడే తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయి. అయినా సరే, నేను ఎదురుచూస్తాను.