అటక మీది రేకు పెట్టె

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పలేకే ఇన్నేళ్లు దీన్ని లోపల పెట్టుకుని తిరిగాను. ఎండాకాలం మొదలై, వీధిలో ఎవరింట్లోనైనా కూలరు గరగరమని తిరగడం వినిపిస్తే నా అరచేతులకు చెమట పడుతుంది. మా ఇంట్లో వాళ్లు నాకు వేడి పడదనుకుంటారు. కడపలో పుట్టి పెరిగినవాడికి వేడి పడకపోవడమేమిటని నవ్వుతారు కూడా. నవ్వనీ. అది వేడి కాదు, భయం.

చుట్టూ తిప్పకుండా చెప్పేస్తాను. మా అక్క కూతురికి కరెంటు షాకు కొట్టింది నా వల్ల. ఆ నింద మోసింది ఇంకొకరు. ఆయన మోస్తుంటే నేను చూస్తూ ఊరుకున్నాను.

చెప్పేశాను కదా, ఇంక అయిపోయిందా? కాలేదు. అంత తేలిగ్గా అయిపోయేదైతే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి. ఎలా జరిగిందో కూడా చెప్పాలి.

అప్పుడప్పుడే ఇళ్లలోకి సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. మా బావ కువైట్‌లో డ్రైవరు. ఒకసారి సెలవుకు వస్తూ పిల్లలకు టీవీకి తగిలించుకుని ఆడుకునే గేమ్ పెట్టె తెచ్చాడు. దాంతోపాటు ఒక కట్ట సీడీలు. నేను కంప్యూటర్ రిపేరు కోర్సు పూర్తి చేసి, పని దొరక్క, అక్క వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. పిల్లలిద్దరు. పెద్దవాడు చందు, చిన్నది హారిక. హారిక అప్పుడు మూడో తరగతి. నన్ను వదిలి అన్నం తినేది కాదు.

బావ తిరిగి వెళ్లిపోగానే ఆ సీడీలకు చెడ్డరోజులు మొదలయ్యాయి. మామిడికాయ పచ్చడి తిన్న చేత్తోనే పట్టుకునేవాళ్లు. ఇంట్లో పరిచిన నల్లటి కడప బండల మీద బొంగరాల్లా తిప్పేవాళ్లు. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టి మూత మూసేసేవాళ్లు. గీతలు పడితే నేను టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో రుద్దేవాణ్ణి. కొన్ని బాగయ్యేవి, కొన్ని బొమ్మ మధ్యలో ఆగిపోయేవి. పాడైతే మళ్లీ కువైట్ నుంచి ఎవరో ఒకరు ఊరికి వచ్చేదాకా కాచుకోవాలి. బావ ఫోన్ చేసినప్పుడల్లా సీడీలు ఎట్లున్నాయని అడిగేవాడు. అక్క మాత్రం ధీమాగా, "నా తమ్ముడుండాడు కదా, వాడు చూసుకుంటాడులే" అనేది.

ఆ మాట నా తలకెక్కింది. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని అంటారే, సరిగ్గా అదే. నెట్ సెంటర్లో కూర్చుని, ఎవరో ఎక్కడో రాసింది చదివి, ఆ గేమ్ పెట్టెను విప్పాను. ఒక పాత కంప్యూటర్లోని హార్డ్ డిస్క్ తీసి దానికి తగిలించాను. సీడీల్లోని గేములన్నీ అందులోకి ఎక్కించాను. ఇంక సీడీ పెట్టే పనే లేదు. సీడీలు బీరువాలో, బీరువా తాళం అక్క కొంగున.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పిల్లలు ఊరుకుంటారా? సీడీ మూతను చెంచాతో తెరిచి లోపల వేళ్లు పెట్టడం మొదలుపెట్టారు. అందుకని ట్రంకు పెట్టెలు చేసే ఆయన దగ్గర కొలత ఇచ్చి ఒక రేకు పెట్టె చేయించాను. గేమ్ పెట్టె, హార్డ్ డిస్క్, దానికి కరెంటు ఇచ్చే సరంజామా అంతా అందులో పెట్టి తాళం వేశాను. ఆడుకునే రిమోట్ల వైర్లూ, టీవీకి పోయే వైర్లూ, కరెంటు వైరూ మాత్రం బయటికి. వాటికోసం రేకుకు రంధ్రాలు కావాలి కదా. మేకు పెట్టి సుత్తితో కొట్టి నేనే పొడిచాను. అంచులు బ్లేడులా ఉన్నాయి.

వైరు పోయే రంధ్రానికి రబ్బరు వాషరు వేయాలని నాకు తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోవాలని ఎంత ప్రయత్నించినా మర్చిపోలేకపోయింది ఇదే. తెలియక చేయలేదు. కోర్సులో మొట్టమొదట నేర్పింది అదే. రేపు తెచ్చి వేద్దాంలే అనుకున్నాను. పిల్లలు చుట్టూ చేరి "మామా, ఇంగా ఎంత సేపు?" అని గెంతుతున్నారు. ఇరుగుపొరుగు కూడా చూడ్డానికి వచ్చారు. సీడీ లేకుండా గేమ్ ఆడుతుంటే అందరూ నోళ్లు తెరిచారు. ఆ పొగడ్తల్లో రేపు అనేది రానేలేదు. పిల్లలు ఆ పెట్టెను రోజూ ఇటు లాగి, అటు లాగి ఆడుకున్నారు. లాగినప్పుడల్లా రేకు అంచు ఆ వైరును కొంచెం కొంచెంగా కోస్తూ వచ్చింది.

ఎండలు ముదిరాయి. రేకు పెట్టెలో వేడికి గేమ్ మధ్యలో నిలిచిపోయేది. దానికీ ఒక ఉపాయం ఆలోచించాను. పెట్టెను తీసుకెళ్లి కూలరు పక్కన పెట్టాను, చల్లగాలి తగులుతుందని. నా తెలివికి నన్నే మెచ్చుకున్నాను కూడా.

ఆ కూలరును బాగుచేసినవాడు మస్తానన్న. మా వీధి చివర చిన్న కొట్టు ఆయనది. మోటార్లు చుట్టడం, ఫ్యాన్లు, కూలర్లు బాగుచేయడం. ఆ ఎండాకాలం మొదట్లోనే మా కూలరుకు మోటారు మార్చాడు. మా వైపు ఇళ్లలో రేకు కూలర్లు షాకు కొట్టడం అందరికీ తెలిసిన సంగతే. తడి చేత్తో కూలరు ముట్టుకోవద్దని తల్లులు అరవని ఇల్లుండదు. అందుకే, కరెంటు లీకైతే నేలలోకి పోయేలా, ఆయన పెరట్లో ఇనుప కడ్డీ దింపి, అక్కణ్నుంచి ఎర్త్ తీగ లాక్కొచ్చి కూలరు ఒంటికి బిగించాడు. పక్కన నిలబడి కటింగ్ ప్లేయరు అందించింది నేనే. బిగించాక తీగ పట్టుకుని లాగి చూశాడు. నన్ను కూడా లాగి చూడమన్నాడు. లాగాను. కదల్లేదు.

షాకు కొట్టిన రోజు మధ్యాహ్నం కరెంటు కోత. ఇల్లంతా ఉడికిపోతోంది. అక్క బండల మీద నీళ్లు చల్లి తుడిచింది. కరెంటు రాగానే కూలరు తిరిగింది, టీవీ వెలిగింది. చందు బయట ఆడుకుంటున్నాడు. హారిక ఒక్కతే పరిగెత్తుకుంటూ వచ్చి కూలరు గాలికి మొహం పెట్టింది. ఒక చెయ్యి కూలరు మీద వేసి, ఇంకో చేత్తో రేకు పెట్టెను తన వైపుకు లాక్కోబోయింది.

అరుపు రాలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను గడప దగ్గర ఉన్నాను. ఆ పిల్ల ఒళ్లు కొయ్యబారిపోయి ఉంది. కళ్లు తెరుచుకుని నా వైపే ఉన్నాయి.

పరిగెత్తి ప్లగ్గు పీకాను. ఏ ప్లగ్గు? పక్కపక్కనే రెండున్నాయి. కూలరుది పీకలేదు. నా చెయ్యి తిన్నగా రేకు పెట్టె ప్లగ్గు మీదికి పోయింది. అంటే ఏమిటి అర్థం? నా తలకు తెలియకముందే నా చేతికి తెలుసు. ఎన్నో రోజులుగా తెలుసన్నమాట. తెలిసీ, ఏమవుతుందిలే అని ఆ పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టానా?

హారిక కూలరు కాళ్ల దగ్గర పడిపోయింది. అక్క వంటింట్లోంచి వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "కూలరు పట్టుకునిందిరా నా బిడ్డను!" అని అరిచింది. ఆ అరుపుకే వీధి వీధంతా వచ్చింది. అందరూ అదే మాట అందుకున్నారు. కాదని నేను అనలేదు. ఆటోలో ఆసుపత్రికి పోయేదాకా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను. ఊపిరి ఆడుతోంది. దేవుడా, ఈ పిల్ల బతికితే అంతా చెప్పేస్తాను అని మొక్కుకున్నాను. బతికింది. నేను చెప్పలేదు.

అంతకంటే నీచమైన పని చేశాను. డాక్టరు గండం గడిచిందన్నాక, బట్టలు తెస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. రేకు పెట్టెను విప్పి చూశాను. రంధ్రం దగ్గర వైరు తొక్క తెగి, రాగి రేకుకు ఆనుకుని మెరుస్తోంది. ఎవరడిగినా పాడైపోయిందని చెప్పుకోవచ్చని, దాన్ని పాత చీరలో చుట్టి అటక మీదికి తోసేశాను. తర్వాత పిల్ల బట్టలు సంచిలో పెట్టుకుని, మొహం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఆసుపత్రికి పోయాను.

అక్కడ వరండాలో మస్తానన్న ఉన్నాడు. చెప్పులు కూడా లేవు. విన్నవాడు విన్నట్టే వచ్చేసినట్టున్నాడు. లోపలికి పోవడానికి మొహం చెల్లక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏమప్పా, పాప ఎట్లుండాది?"

"బాగుందన్నా. మాట్లాడుతోంది."

"అల్లా దయ. అప్పా, ఒగ మాట చెప్పు. ఆ పొద్దు ఎర్త్ తీగ నేను గట్టిగానే బిగించినా కదా? నువ్వు పక్కనే ఉండావు. నువ్వు గూడా లాగి చూసినావు కదప్పా?"

ఆయన కళ్లల్లోకి చూడలేకపోయాను. వరండాలో ఎవరిదో నీళ్ల కూజా ఉంటే దాని వైపు చూశాను.

"గుర్తు లేదన్నా" అన్నాను.

మస్తానన్న నా చేతులు వదిలేశాడు. "నాకూ గుర్తు రావడం లేదప్పా. బిగించినా అనే అనుకుంటాండా. శానా కూలర్లు చేస్తి ఈ ఏడు. మర్చిపోయినానేమో" అన్నాడు. ఒక మనిషి తన చేతుల మీద తనకే నమ్మకం పోగొట్టుకోవడం నేను అప్పుడే చూశాను. నేనే పోగొట్టాను.

మర్నాడు అక్క ఆ కూలరు మొహం చూడనంటే, పాత సామాన్ల బండికి నేనే ఎత్తించాను. మస్తానన్న ఒకసారి చూస్తానని వచ్చేసరికి అది లేదు. ఎర్త్ తీగ మాత్రం పెరట్లో వేలాడుతోంది. దాన్ని చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. తర్వాత నాకు అర్థమైంది. ఆయన ఎర్త్ అంత బాగా బిగించాడు కాబట్టే, నా పెట్టెలోని కరెంటు ఆ పిల్ల ఒంట్లోంచి కూలరులోకి, ఆ తీగ వెంట నేలలోకి దారి చూసుకుంది. ఆయన చేసిన మంచిపనినే ఆయన తప్పుగా చేసి చూపించాను.

"మస్తాన్ చేసిన కూలరు పిల్లను పట్టుకునిందంట" అనే మాట ఊరంతా పాకింది. ఆయనకు పనులు తగ్గాయి. కానీ ఆయన మానేసింది అందుకు కాదు. వైరు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని మానేశాడు. అదే కొట్టులో సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటూ బతికాడు. ప్రతి ఎండాకాలం తాటి ముంజలు తెచ్చేవాడు హారిక కోసం. ఆ పిల్ల ఎడమచేతి వేళ్లు రెండు సరిగ్గా ముడుచుకోవు. ఆ వేళ్లు పట్టుకుని చూసి, "ముడువు తల్లీ, ఇంగొంచెం" అనేవాడు. ఆయన గొంతు గుమ్మంలో వినబడితే నేను పెరట్లోకి పోయేవాణ్ణి. ఏమి భయం? ఆయన నన్ను ఏమీ అనడు. అనడనే భయం.

ఒక ఏడు ముంజలు రాలేదు. జ్వరంతో పోయాడని చెప్పారు. ఆయన జనాజా మా వీధిలోంచే పోయింది. మగవాళ్లందరూ కాసేపు భుజం ఇవ్వడానికి బయటికి వెళ్లారు. నేను తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు హారికకు పెళ్లయింది. కర్నూల్లో ఉంటుంది. మొన్న ఎండాకాలం వాళ్లింటికి పోయాను. దాని కొడుకు ఒళ్లంతా చెమటకాయలు, పాపం ఒకటే ఏడుపు. కూలరు కొనిపెడతానమ్మా అన్నాను. అది వాణ్ణి భుజాన వేసుకుని తడుతూ అంది. "వద్దు మామా. కూలరంటే నాకింగా బయం పోలేదు. ఆ పొద్దు నువ్వు ల్యాకుంటే నేనుండనే ఉండను." అంటూ ఆ ముడవని వేళ్లతోనే నాకు మజ్జిగ గ్లాసు అందించింది.

చెప్పాలనుకున్నాను. గ్లాసు పట్టుకుని నోరు తెరిచాను కూడా. అది నన్ను చూసిన చూపు ఉంది చూశారా, నమ్మకంగా, నేనేదో దేవుణ్ణన్నట్టు. ఆ చూపు పోతే నాకేమీ మిగలదనిపించింది. మజ్జిగ తాగేశాను. నా పిరికితనం కోసం ఒక పసివాడు ఉక్కలో ఏడుస్తున్నాడు. అంతే, వేరే మాట లేదు.

కడపకు తిరిగి వచ్చి అక్క వాళ్లింట్లో అటక ఎక్కాను. పెట్టె అక్కడే ఉంది, అదే చీరలో. రంధ్రం అంచు మీద వేలు పెట్టి చూశాను. ఇప్పటికీ కోస్తుంది. కిందికి దించి, ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీరు నన్ను క్షమించాలని కాదు. మీ చేతుల్లో ఏముంది? క్షమించాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు. హారికకు చెబుతానో లేదో కూడా నాకు తెలియదు. నా సంగతి నాకు తెలుసు కాబట్టి మాట ఇవ్వను. ఇన్నాళ్లూ ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయం. ఇప్పుడు ఎవరికీ తెలియకుండానే పోతానేమోనని భయం. అయినా రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ వరండాలో అడిగిన ప్రశ్నకు జవాబు ఒకటి బాకీ ఉంది. అది ఆయన భాషలోనే చెప్పాలి.

గుర్తుండాది మస్తానన్నా. నువ్వు గట్టిగానే బిగించినావు. నేను లాగి చూసినా. కదల్లేదు.