కల్చర్ రూమ్‌కి అర్జీ

కృపామణి జీవితాన్ని రెండు ఇంగ్లీషు మాటలు ఏలాయి. ఒకటి ప్రాజెక్టు, రెండోది కల్చర్. మొదటిది అన్నం పెట్టింది. రెండోది ఏం చేసిందో చెప్పడానికే ఇంత కథ.

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం, అందులో వృక్షశాస్త్ర విభాగం, దాని మెట్ల కింద పది అడుగుల గది. తలుపు మీద ‘కల్చర్ రూమ్’ అని రాసి ఉండేది. అక్కడ కల్చరంటే ఆటాపాటా కాదు, మొక్క ముక్కను సీసాలో పెట్టి మేత వేసి బతికించడం. కృపామణి పదకొండేళ్లు ఆ గదిలో ఎర్రచందనం కణాలను పెంచింది. జామ్ సీసాల్లో, జున్నులా గడ్డకట్టిన మేత మీద, చింతగింజంత ముద్దలు. నాలుగు వారాలకోసారి, శనివారం, వాటిని కొత్త మేత మీదికి మార్చాలి. తప్పితే నల్లబడి చస్తాయి. దానికి పండగ లేదు, జ్వరం లేదు. తనను చూసుకోవడానికి వస్తామన్న పెళ్లివారికి కూడా ‘ఈ శనివారం కుదరదు’ అని కబురంపిన మహాతల్లి. వాళ్లు మళ్లీ రాలేదు, ఆమె పిలవనూ లేదు.

అన్నింట్లో పద్నాలుగో నంబరు సీసాల సంగతి వేరు. వాటి తల్లిచెట్టు శేషాచలం కొండల్లో ఉండేది. కృపామణి దాని చిగురు తెచ్చిన మరుసటి ఏడే దొంగలు నరుక్కుపోయారు. ఆ చెట్టులో ప్రాణంతో మిగిలిందల్లా ఆ సీసాల్లో ఉన్నదే. ఈ మాట చెబితే చెవి ఒగ్గి వినేది ఒక్కడే, సీసాలు కడిగే అటెండరు సుబ్బన్న.

“అయితే ఇది ఆ మాను బిడ్డా మేడమ్?” అన్నాడొకసారి.

“బిడ్డ కాదు సుబ్బన్నా, అదే మాను.”

ఆ రోజు నుంచి సుబ్బన్న ఆ సీసాలను రెండు చేతులతో పట్టుకునేవాడు.

తర్వాత ప్రొఫెసరుగారు రిటైరయ్యారు. నిధులు ఆగాయి. నలభై మూడేళ్ల మనిషికి కొత్త ఫెలోషిప్ ఎవడిస్తాడు? అదే ఆవరణలో, పరిపాలనా భవనం రెండో అంతస్తులో, విద్యా ప్రాజెక్టుకు మేనేజరు కావాలన్నారు. విశ్వవిద్యాలయంలోనూ, దాని కింది అరవై కాలేజీల్లోనూ ల్యాబులు, గదులు, పాఠాలు బాగుచేయించే పని. చేరింది. తిరిగే కుర్చీ, ఏసీ, పేరు చెక్కిన చెక్క. ఫోన్లో పదిహేడు వాట్సాప్ గ్రూపులు. అన్నింట్లో కలిపి వెయ్యిమంది ‘నోటెడ్ మేడమ్’ అనేవాళ్లే. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే మాత్రం ‘ఏం కూర?’ అని అడిగే నరుడు లేడు. ఒంటరితనం కోసం ఎవరూ అడవికి పోనక్కర్లేదు.

పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేసింది, అదీ చెప్పాలి. ఫారాలు తయారుచేయడంలో ఆమెకు సాటి లేదు. కానీ నాలుగు వారాలకోసారి, శనివారం, ఎవరికీ చెప్పకుండా మెట్ల కింది గదికి దిగేది. సుబ్బన్న తాళం తీసి, కడిగిన సీసాలు బోర్లించి సిద్ధంగా ఉంచేవాడు. ఆ నాలుగు గంటలే నెలంతటికీ ఆమె మాటాముచ్చట.

ఏప్రిల్లో పైనుంచి కాగితం వచ్చింది. వాడకంలో లేని గదులను గుర్తించి విద్యార్థుల కార్యక్రమాలకు ఇవ్వమని. జాబితా టైపు చేసింది ఆఫీసులో పనిచేసే మునికుమార్, కామర్స్ చదివిన బుద్ధిమంతుడు. నూట పన్నెండో వరుసలో ‘కల్చర్ రూమ్’ అని కనబడితే, పక్క గడిలో ‘సాంస్కృతిక కార్యక్రమాల గది, ఖాళీ’ అని రాశాడు. పాపం, వాడి తప్పేముంది? లోకంలో అందరికీ కల్చరంటే అదే. మొత్తం రెండు వందల పైచిలుకు వరుసలు. కృపామణి ఆ మధ్యాహ్నమే చిత్తూరు బస్సెక్కాలి, అక్కడ పది రోజుల శిక్షణ. సీసాలో సూదిమొనంత బూజును పసిగట్టే కళ్లు ఆ పూట చివరి పేజీ తప్ప చూడలేదు. సంతకం పెట్టి వెళ్లిపోయింది.

తిరిగొచ్చిన శనివారం మెట్ల దగ్గరికి వస్తే లోపలి నుంచి డప్పుల చప్పుడు. గదిలో అరలు లేవు. మూలన కోలాటం కర్రలు. సీసాలు తెరిచి పనిచేసే, శుభ్రమైన గాలి వచ్చే పెట్టె గోడకే బిగించి ఉంది గనుక దాన్ని కదపలేదు. అందులో గజ్జెలు దాచుకున్నారు. సీసాలన్నీ వరండాలో, అట్టపెట్టెల్లో, మే నెల ఎండలో ఉన్నాయి. వంగి చూసింది. అన్నీ డికాక్షన్ రంగుకు తిరిగాయి.

“నాకొక ఫోన్ చేయకూడదా సుబ్బన్నా?”

“సేద్దామనే అనుకుంటి మేడమ్. వాళ్లు కాగితం సూపించినారు. అడుగున మీ సంతకం ఉండాది. మేడమే వద్దనుకున్నారేమో, ఇంక నేనేం అడిగేదని గమ్మునుంటిని.”

కంచే చేను మేసిందంటే ఇదే. కోప్పడదామంటే తను తప్ప ఎవరూ కనిపించలేదు. “నేను వద్దనుకుంటానా?” అని, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. లోపల పిల్లలు పాట ఆపలేదు.

సుబ్బన్న తన నీళ్లకుండ పక్క నుంచి తడిగుడ్డ చుట్టిన సీసా ఒకటి తెచ్చాడు, రెండు చేతులతో. పద్నాలుగో నంబరు. అంచులు మాడిపోయినా నడుమ కందిపప్పంత మేర ఇంకా పచ్చగా ఉంది.

“మాను గదా మేడమ్, పారేయబుద్ధి కాలేదు.”

దానికి కొత్త మేత కావాలి, ఆ గది కావాలి, అదీ ఈ వారంలోనే. సోమవారం ఆఫీసుకు రాగానే మునికుమార్‌ని అడిగింది, ఇచ్చేసిన గది వెనక్కి రావాలంటే ఎట్లా అని.

“ఏముండాది మేడమ్, కావలసినోళ్లు ప్రాజెక్టు మేనేజరుకు అర్జీ పెట్టుకోవాల.”

“మేనేజరుకే కావాలంటే?”

“మీకు మీరే అర్జీ పెట్టుకుంటే ఆడిట్లో ఒప్పుకోరు గదా మేడమ్!” అని నవ్వాడు, ఆమె తమాషాకి అడిగిందనుకుని.

ఆ మాట సుబ్బన్న దాకా ఎట్లా పోయిందో గానీ, బుధవారం టపాలో ఒక తెల్లకాగితం వచ్చింది. టీకొట్టులో ఎవరిచేతో రాయించింది.

‘ప్రాజెక్టు మేనేజరు కృపామణి మేడమ్ గారికి అటెండరు సుబ్బన్న నమస్కరించి పెట్టుకున్న అర్జీ. కృపామణి మేడమ్ గారి గది కృపామణి మేడమ్ గారికి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. అందులో ఒక మాను ఉండాది.’

కృపామణికి నవ్వొచ్చింది. ఆ ఆఫీసులో అదే మొదటి నవ్వు. ఆ నవ్వుతోనే అర్జీకి జతచేయవలసిన ఫారం తీసింది. కిందటేడు తనే తయారుచేసిన ఫారం, ఎవరూ తప్పించుకోలేకుండా. గది పేరు నింపింది. పరికరాలు నింపింది. మూడో గడిలో ‘ప్రస్తుతం ఈ గదిలో పరిశోధన చేస్తున్నవారి పేరు’ అని ఉంది. అక్కడ పేరు లేకుంటే అర్జీ చెల్లదన్న నియమమూ తను పెట్టిందే.

పెన్ను ఆగింది. తన పేరు రాయడానికి లేదు. ఇక పరిశోధన చేయనని, ఈ ఉద్యోగంలో చేరిన రోజునే రాసిచ్చింది. సుబ్బన్న పేరు రాస్తే అబద్ధమవుతుంది. బల్ల మీద తడిగుడ్డలో సీసా ఉంది. ఫోన్లో గ్రూపులు టింగుమంటున్నాయి.

‘ఎవరూ లేరు’ అని రాసింది. ఈసారి పైనుంచి కింది దాకా ప్రతి వరుసా చదివి, సంతకం పెట్టింది.