పెద్దమ్మ చెవులకేమీ కాలేదు

మా పెద్దమ్మ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూసింది. చోడవరం నుంచి పక్కింటావిడ ఫోన్ చేసేసరికి నేను విశాఖలో ఆఫీసుకి బయల్దేరుతున్నాను. "టీచరమ్మగారు ఎలిపోయేరమ్మా. ఏ బాధా పడలేదు," అంది. దారి పొడుగునా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను గానీ, మనసులో ఓ మూల హాయిగా కూడా ఉంది. చెవులు పోయాయన్న దిగులుతో మాత్రం మా పెద్దమ్మ పోలేదు. ఆ సంగతి చెప్పకపోతే నన్ను తప్పుగా అనుకుంటారు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. నా చిన్నప్పటి నుంచీ ఊళ్లో పిల్లలకి పాట నేర్పింది. వీధిలో చెరకు లారీల రొద ఎంత ఉన్నా, వరండాలో కూర్చున్న పిల్లల్లో ఎవరి శ్రుతి తప్పిందో వేలు పెట్టి చూపించేది. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. బాగా పాడితే "ఊఁ, ఇంకోపాలి" అనేది. ఆ ఊఁ కోసమే పడి చచ్చేవాళ్లం. తొందరపడ్డామా, "పాటకి పరుగెందుకే? ఎనకాల కుక్కలు తరుముతన్నాయా?" అనేది.

క్రమంగా ఊళ్లో నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు. ఉద్యోగాలకని విశాఖలో స్థిరపడ్డ పాత శిష్యులమే మిగిలాం. పాడి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే, ఆవిడ విని తప్పులు చెప్పాలి. అదీ ఏర్పాటు. కానీ కొన్నాళ్లకే తప్పులు చెప్పడం మానేసింది. ఎవరేం పంపినా "బాగుందమ్మా" అనేది. పెద్దమ్మ నోట ఆ మాట వింటే మాకు భయమేసింది. గట్టిగా అడిగితే బయటపడింది. "నాకు సెవులు పోయేయే. గమకం తెలట్లేదు. అందరి గొంతులూ ఒక్కలాగే వినబడతన్నాయి. ఇంక నేర్పను."

చెవుల డాక్టరు వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయన్నాడు. నమ్మలేదు. "ఆ బాబు మంచోడు. ముసల్దాన్ని బాధపెట్టడం ఎందుకని అలా సెప్పేడు," అంది. శ్రుతిపెట్టెని పాత చీరలో చుట్టి అటకెక్కించేసింది. పాట మానేశాక తిండి కూడా సరిగ్గా తినేది కాదు. మనిషి మాకు దక్కదేమో అనిపించింది.

ఒక ఆదివారం వెళ్లినప్పుడు వంటింట్లో ఆనపకాయ తరుగుతూ నాలో నేనే పాడుకుంటున్నాను. హాల్లోంచి కేక వినిపించింది. "ఒసే, మాట మద్దిలో ఊపిరి పీలుస్తావేటే? రెండు ముక్కలైపోయింది సూడు."

కత్తిపీట వదిలేసి పరిగెత్తాను. చెవులు పోయిన మనిషికి గోడ అవతలి నా ఊపిరి వినబడింది. "పెద్దమ్మా, నీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. ఫోన్‌లోనే ఏదో ఉంది," అన్నాను. నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది.

తిరిగొచ్చి తెలిసినవాళ్లని అడిగాను. వాయిస్ మెసేజ్ తేలిగ్గా ఉండాలని ఫోను పాటలోని సన్నని శబ్దాలను కోసేస్తుందట. ఊపిరినైతే ఉత్త చప్పుడనుకుని తుడిచేస్తుందట. కబుర్లకి అది చాలు, పెద్దమ్మకి చాలదు. ఏదీ కోయకుండా దాచే లాస్‌లెస్ ఫైళ్లు ఉంటాయన్నారు. అదే పాటని అలా రికార్డు చేసి డాక్యుమెంటుగా పంపించి, మళ్లీ చోడవరం వెళ్లాను. ఆవిడ ఫోన్ ఆ ఫైలు తెరవనని మొరాయించింది. వేరే ప్లేయర్ యాప్ వేసి, వైరున్న ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టాను. పెద్దమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

తర్వాత మొదలుపెట్టింది. "పై షడ్జం కాడ జారిపోయేవు. ఆఖర్న గొంతు నొక్కేసేవు. అదిగో, ఆ ఊపిరి మళ్లీ. రసం అంతా మీకాడే ఉంచుకుని, ఇన్నాళ్లూ నాకు పిప్పి పంపేరు కదే."

ఆవిడ తిడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం శ్రుతిపెట్టె అటక దిగింది. అందరం లాస్‌లెస్‌లోనే పంపడం, అందరం తిట్లు తినడం. ఆ ఫైళ్ల బరువుకి ఫోన్ నిండిపోతే, పాటలు ముట్టుకోవద్దని మా పెళ్లి ఫొటోలు తీసేయమంది. "మీ మొహాలు నాకు తెలీవేటి? తప్పులు దిద్దాలి గానీ," అంది. పాట వింటున్నప్పుడు ఎవరైనా మధ్యలో పలకరిస్తే మాత్రం చెడామడా తిట్టేది.

దహనం అయ్యాక పక్కింటావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. మంగళవారం ఉదయం సంగతి తనే చెప్పింది.

"మునగాకు ఇద్దామని ఎల్లేనమ్మా. కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. ఓ ఇయర్‌ఫోను సెవిలో ఉంది. రెండోది ఒళ్లో పడి ఉంది, దాంట్లోంచి సన్నగా పాట వస్తంది. మద్దిలో పలకరిస్తే తిడతారు కదా. పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అయిపోయేక పిలిసేను."