నాయనమ్మ వ్యానుకు ముఖం కడిగేది

బీదర్లో నౌబాద్ మూలమీద బండ్ల అద్దాలు బిగించే షాపు ఒకటి కొత్తగా వచ్చింది. దాని ముందు నుంచి నడిచిపోతుంటే రబ్బరు వాసన గుప్పున కొడుతుంది. లారీ ముందు అద్దం చుట్టూ బిగించే నల్లటి రబ్బరు పట్టీలను మెత్తబడటానికి ఎండలో పరుస్తారు. ఆ వాసనకు అందరికీ తలనొప్పి వస్తుంది, నాకు మాత్రం ఆకలి వేస్తుంది. మా ఇంట్లో ఆ వాసన వచ్చినప్పుడల్లా బండి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, సగం చిప్ప నాకు దక్కేది. మొన్న అక్కడ ఒక లారీ డ్రైవరు పగిలిన తన అద్దాన్ని చూసుకుంటూ దిష్టి తగిలిందంటున్నాడు, షాపతను కాదు, రాయి తగిలిందంటున్నాడు, చుట్టూ చేరిన నలుగురూ నాలుగు కారణాలు చెబుతున్నారు. కొన్ని బండ్ల అద్దాలే ఎందుకు ఊరికూరికే పగులుతాయన్న ఈ ప్రశ్న మీద ఒకప్పుడు మా ఇంట్లో ఒక మనిషి పరువు ఏడాదిపాటు వేలాడిందని వాళ్ళకు చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి మాది మైసూరు రాష్ట్రం. బీదర్లో ఉన్నవాళ్ళకు మైసూరు ఎక్కడుందో తెలియదు, మైసూరు వాళ్ళకు బీదర్ ఉన్నట్టే తెలియదు, అందువల్ల ఇద్దరి మధ్యా ఏ మనస్పర్థలూ లేకుండా గడిచిపోయింది. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, తిట్లు మాత్రం ఏ భాషలో రుచిగా ఉంటే ఆ భాషలో. గంజ్‌లో మాది బెల్లం, కందిపప్పు టోకు దుకాణం. ఇల్లు దుకాణం వెనకాలే. చింతపండు గోనెల పులుపు, బెల్లం దిమ్మెల మీద ముసిరే కందిరీగలు, పప్పు చెరిగినప్పుడు లేచే సన్నటి దుమ్ము, మధ్యాహ్నం పొయ్యిమీద జొన్నరొట్టె కాలే వాసన, ఇవన్నీ ఒకే గాలిలో కలిసి మా వాకిట్లో తిరుగుతుండేవి. వానాకాలం వస్తే బెల్లం చెమర్చేది, చలికాలం వస్తే మా తలనూనె గడ్డకట్టేది, ఎండాకాలం వస్తే పెద్దవాళ్ళ కోపం కరిగి మా మీద పడేది.

మా తాత ఉన్నన్నాళ్ళూ సరుకు భాల్కి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేదట. ఎండ తగలకుండా రాత్రంతా నడిచి అవి తెల్లారకముందే వాకిలి చేరేవట. నాయనమ్మ రంజన్లోంచి, అంటే వసారా మూలలో తడిగుడ్డ చుట్టి పెట్టిన పెద్ద మట్టికాగులోంచి, చెంబుతో చల్లటి నీళ్ళు ముంచుకొచ్చి ఎడ్ల ముఖాలు కడిగి, నొసట పసుపు రాసి, ఆ తరువాతే బండి తోలినవాడికి నీళ్ళిచ్చేది. తాత పోయాడు, ఎడ్లు పోయాయి, మా పెద్దనాయన హైదరాబాదు నుంచి ఒక పాత వ్యాను కొనుక్కొచ్చాడు. నాయనమ్మ చెంబు మాత్రం అలాగే ఉంది. వ్యానుకు ముఖం ఎక్కడుంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. రెండు దీపాలు కళ్ళు, జాలీ నోరు, పైన నిలువుగా రెండు పలకలుగా ఉన్న అద్దం నొసలు. సరుకు తెచ్చే వ్యాను కూడా ఎక్కువగా ఎడ్లలాగే తెల్లవారుజామునే వచ్చేది. ఎప్పుడొచ్చినా నాయనమ్మ చెంబెడు నీళ్ళు నొసటిమీద ఛెళ్ళున కొట్టి, కొంగుతో తుడిచి, పసుపు పెట్టి, "వచ్చినవా కొడకా" అనేది. వ్యాను నడిపే మా చిన్నాయన వీరేశం స్టీరింగు వెనక కూర్చుని ఆ పలకరింపు తనకేమోనని కాసేపు ఎదురుచూసి, తరువాత తనంతట తానే దిగి మంచినీళ్ళు వెతుక్కునేవాడు.

చిన్నాయన పెళ్ళి మంచి ఎండాకాలంలో అయింది. పెళ్ళికూతురు సరోజది భాల్కి అవతల పల్లె, సేద్యం చేసే కుటుంబం. పెళ్ళి అయిన మర్నాడు మధ్యాహ్నం ఆమెను వ్యానులోనే తీసుకొచ్చాం. ఎర్రటి మొరం రోడ్డు, ముందు ఒక లారీ, దాని చక్రాల కింది నుంచి గులకరాళ్ళు. ఒక రాయి మా అద్దానికి టక్కున తగిలి జొన్నగింజంత గాటు పెట్టింది. "ఏం గాదు, దిష్టి చుక్క లెక్క ఉన్నది తీ" అన్నాడు చిన్నాయన. కొత్త పెళ్ళికొడుకు కాబట్టి ఆ రోజు ఆయనకు అన్నీ బాగానే కనిపించాయి.

ఇంటి ముందు ఆగగానే హారతి పళ్ళెం, దాని వెనక చెంబు వచ్చాయి. చిన్నమ్మ కుడికాలు కింద పెడుతోంది, నాయనమ్మ నీళ్ళు కొట్టింది. టిక్కుమని చిన్న చప్పుడు. జొన్నగింజ దగ్గర మొదలైన గీత చూస్తుండగానే అద్దం మూలదాకా పాకింది, మా బడి గోడమీది పటంలో కృష్ణానది పాకినట్టు. పక్కింటి రుక్కవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"పిల్ల కాలు పెట్టంగనే పగిలె గదనే వదినా."

"ఊకో రుక్కవ్వా, రాయి తాకిందంట" అంది నాయనమ్మ. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ పగులును రెండుసార్లు తలుచుకుంది, రాయిని ఒక్కసారీ తలుచుకోలేదు.

కొత్త అద్దం చౌబారా బురుజు దగ్గర పటాలు కట్టే ఖాదర్ మియా దుకాణం నుంచి వచ్చింది. హైదరాబాదు నుంచి అసలు అద్దం తెప్పించాలంటే వారాలు పడుతుంది, మా వ్యానుదేమో బల్లపరుపు అద్దం, కొలిచి కోసేస్తే సరిపోతుందని మా ఇంట్లో ఎప్పటినుంచో నమ్మకం.

"గిది గాడీ అద్దమేనా ఖాదర్ మియా?" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళిన చిన్నాయన అడిగాడు.

"అరే భాయ్, అద్దం అద్దమే. మొన్న లక్ష్మమ్మ పటానికి కోసిన దాన్లకెల్లి మిగిలిన తునక. మంచి మాల్."

"పగలదు గద?"

"లక్ష్మమ్మది ఎన్నడన్న పగిలిందా?"

లక్ష్మమ్మ గోడ దిగి భాల్కి పోయి రాదని, ఆమె నొసట ఎవరూ చెంబుతో నీళ్ళు కొట్టరని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. రబ్బరు పట్టీ బిగించారు, కొబ్బరికాయ కొట్టారు, నేను చిప్ప తిన్నాను.

పదహారు రోజుల పండుగకు చిన్నమ్మా చిన్నాయనా ఆమె పుట్టింటికి వెళ్ళి నిప్పులు చెరిగే ఎండలో తిరిగొచ్చారు. చెంబు, నీళ్ళు, టిక్కు. ఈసారి రాయి కూడా తగల్లేదు, గీత అద్దం అంచులోనే మొదలైంది, నది నేరుగా సముద్రంలోనే పుట్టింది. ఇక రుక్కవ్వను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "ఒక్కపారంటే రాయి అనుకోవచ్చు, రెండోపారి కూడా ఆ పిల్ల దిగేటప్పుడే ఎందుకు పగులవట్టె?" అని గల్లీ మొత్తానికి విడివిడిగా విన్నవించింది. పెద్దనాయన ఎవరినీ ఏమీ అనే మనిషి కాదు. అందుకే ఆయన అన్నప్పుడు అందరికీ భయం వేసింది.

"ఇంకొక్కపారి పగిలిందంటే వ్యాను అమ్ముడే. పిల్లను కొన్ని దినాలు తల్లిగారింటికి తోలి శాంతి చేపిద్దాం."

కొన్ని దినాలు అంటే ఎన్నో చెప్పలేదు. చిన్నాయన రొట్టె తుంచుతూ తుంచుతూ దాన్ని పొడి చేశాడు. ఆ తరువాత నుంచి చిన్నమ్మ ఎక్కడికైనా వెళ్ళొస్తే గల్లీ మలుపు దగ్గరే వ్యాను దిగి, ముసుగు సర్దుకుని, మూట చంకన పెట్టుకుని నడిచి ఇంట్లోకి వచ్చేది. అలా రమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

నాకు ఈ వ్యవహారంలో సొంత స్వార్థం ఉంది. మా ఇంట్లో నా జోకులకు నవ్విన మొదటి మనిషి చిన్నమ్మ. అంతకుముందు నేను ఏమన్నా పెద్దవాళ్ళు "వీనికి జ్వరం గిట్ల వచ్చిందా" అని నొసలు పట్టి చూసేవాళ్ళు. చిన్నమ్మ మాత్రం రొట్టె కొడుతున్న చేతులు ఆపి, పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, నవ్వి పల్లీల పొడి కొంచెం ఎక్కువ వేసేది. అలాంటి మనిషిని తల్లిగారింటికి పంపిస్తే మళ్ళీ నా నొసలే మిగులుతుంది. సాయంత్రాలు ఆమె లాంతరు చిమ్నీలు బూడిదతో తోముతుంటే నేను పక్కన కూర్చుని ఆమె మీద కొత్త జోకుల ప్రయోగాలు చేసేవాణ్ణి. వెలుగుతున్న చిమ్నీ మీద ఒకసారి తడిచెయ్యి పెట్టబోతే ఆమె చటుక్కున పట్టుకుంది.

"తడిచెయ్యి పెట్టకురా శంకరా, పర్రున పగుల్తది."

ఈ సంగతి మా ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. తెలిసి ఏం చేశాం? లాంతరును కాపాడుకున్నాం.

వానలు పడ్డాయి, దసరాకు వ్యాను బంతిపూల దండలు వేసుకుంది, చలికాలం వచ్చింది. చేలో పూజ చేసి అక్కడే తినే ఎళ్ళ అమావాస్య పండుగకు గల్లీకి గల్లీ అంతా మా వ్యానులో కూరుకుని చిన్నమ్మ వాళ్ళ చేనుకు వెళ్ళాం. నువ్వులద్దిన సజ్జరొట్టెలు, పచ్చికందులూ చిక్కుడుగింజలూ పల్లీలూ కలిపి వండిన భజ్జీ, వెల్లుల్లి తగిలించిన పుల్లటి అంబలి, హుగ్గి అనే గోధుమ పాయసం మీద వెన్న కాచిన నెయ్యి. జొన్నచేలో ఏపుగా పెరిగిన కంకుల మధ్య కూర్చుని రుక్కవ్వ మిగతా అందరికన్నా ఎక్కువ తిని, "పిల్ల తల్లిగారిది చెయ్యి పెద్దదే" అని ఒప్పుకుంది. తిరిగొచ్చేటప్పుడు తిండి మత్తులో గల్లీ మలుపు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చిన్నమ్మ అందరితోపాటు వాకిలి ముందే దిగింది. నాయనమ్మ నీళ్ళు కొట్టింది. అద్దం పగల్లేదు. "అమావాస్య గద, దాని బలం దానికుంటది" అంది రుక్కవ్వ. ఏ పక్కకు తిప్పినా నిలబడే వాదన ఆమెది, దానికి పగలడానికి అద్దం లేదు కాబట్టి.

ఉగాది దాటి మళ్ళీ ఎండలు ముదిరాయి. చిన్నమ్మ నాయనకు ఒంట్లో బాగాలేదంటే చూసిరావడానికి ఆమె, చిన్నాయన వెళ్ళారు, తోడు నేనూ వెళ్ళాను. తిరుగుదారిలో మొరం రోడ్డు మీద, మళ్ళీ ముందు లారీ, మళ్ళీ టక్కున రాయి, మళ్ళీ జొన్నగింజ. చిన్నాయన ఆ చుక్కను చూస్తూ నడిపాడు, మిగతా రోడ్డును నేను చూశాను. గల్లీ మలుపు దగ్గర ఆయన బండి ఆపాడు. చిన్నమ్మ కదల్లేదు.

"దిగవా?" అని మెల్లగా అడిగాడు.

"పోనీ. ఇంటిదాంక పోనీ."

నట్టనడి మధ్యాహ్నం. ఇంజను చప్పుడుకు నాయనమ్మ చెంబుతో గడప దాటింది. చిన్నమ్మ బండిలోనే ఉండటం చూసి రుక్కవ్వ తన వసారాలోంచి లేచింది, ఆమె లేచిందని ఎదురింటివాళ్ళు లేచారు. పెద్దనాయన దుకాణం మెట్ల మీద నిలబడ్డాడు. చిన్నమ్మ దిగి, లోపలికి పోకుండా, వ్యానుకూ చెంబుకూ మధ్య నిలబడింది. ఆమె గొంతు రొట్టెకు పిండి అడుగుతున్నట్టే ఉంది.

"అత్తమ్మా, జర ఆగు. చెమట మీదున్న ఎద్దుకు నీళ్ళు పోస్తమా?"

నాయనమ్మ నిలబడిపోయింది. "ఏందే?"

"మీ ఎడ్లు సల్లపొద్దుల వచ్చేటివంట గద. నీ చెయ్యి వాటికి హాయిగుండె. మా నాయనైతే పట్టపగలు చేన్లకెల్లి వచ్చిన ఎద్దును ముందుగాల నీడకు కట్టేస్తడు. ఒళ్ళు ఆరినంకనే నీళ్ళు. లేకుంటే బిగుసుకపోతదంటడు."

"ఎద్దుకు చెమట వస్తది. దీనికేం వస్తదే?"

చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బానెట్ మీద పెట్టింది. నాయనమ్మ "అమ్మో" అని చెయ్యి లాక్కుని, ఆ అరచేతిని చూసుకుని, తరువాత వ్యాను వైపు చూసింది. ఇన్నేళ్ళుగా ముఖం కడుగుతున్న బిడ్డకు ఒళ్ళు కాలిపోతోందని అప్పుడే తెలిసిన తల్లిలా ఉంది ఆమె ముఖం.

"ఒరే వీరేశం, నిలబడి సూస్తవేందిరా? నీడకు పెట్టు! పాపం, ఒళ్ళు సలసల కాగవట్టె!"

వేపచెట్టు కింద వ్యాను నిలిచింది. గల్లీ మొత్తం దాని చుట్టూ నిలిచింది. పొద్దు వాలేదాకా ఎవరూ ఇళ్ళకు పోలేదు. అప్పుడు నాయనమ్మ అరచెయ్యి ఆనించి చూసి, సరేనని, చెంబు కోడలి చేతికిచ్చి, "నువ్వే కడుగు" అంది. చిన్నమ్మ నీళ్ళు పోసింది. నీళ్ళు జారాయి. ఇంకేమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని చూడటానికి అంతమంది రావడం నా జీవితంలో అదొక్కసారే. జరగకపోవడం అంత బాగుంటుందని కూడా అప్పుడే తెలిసింది. చిన్నాయన ముఖం తిప్పుకుని చాలాసేపు టైర్లను పరీక్షించాడు, టైర్లకేమీ కాలేదు.

ఆ తరువాత వ్యాను ఎండ నుంచి వస్తే ముందు నీడ, తరువాతే చెంబు. జొన్నగింజ అలాగే ఉండిపోయింది, గీత మాత్రం పాకలేదు. నెల తిరక్కముందే అది నాయనమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి అయిపోయింది. "గంత తెల్వదానే నీకు, చెమట మీద నీళ్ళు పోస్తరా?" అని రుక్కవ్వకు పాఠం చెబుతుంటే చిన్నమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తూ "అవును అత్తమ్మా" అనేది.

పెద్దయ్యాక ఒకసారి చిన్నమ్మను అడిగాను, నీళ్ళ వల్లనేనని నీకు ఎప్పుడు తెలిసిందని.

"రెండోపారి పగిలినప్పుడే. లాంతరు చిమ్నీ లెక్కనే చప్పుడైంది."

"మరి ఏడాది దాంక ఎందుకు చెప్పలే? గల్లీ మలుపు కాడ దిగి నడుచుకుంట వస్తివి గద."

"నువ్వే పగులగొడుతున్నవ్ అత్తమ్మా అని ఎట్ల చెప్పాలెరా? ఆమె ప్రేమతోని పోస్తుండె. చెప్పే తీరు దొరకొద్దా?"



నాయనమ్మ ఆ పద్ధతిని వ్యాను దగ్గర ఆపలేదు. ఎవరు బయటినుంచి వచ్చినా, ఏ కబురు మోసుకొచ్చినా, గడపలో ప్రశ్నలు వేయనిచ్చేది కాదు. "ఆరనియ్యుండ్రి" అనేది. నేను మెట్రిక్ తప్పిన రోజు కూడా ముందు నీడ, మజ్జిగ, తరువాతే పెద్దనాయన. ఆ కాస్త వ్యవధిలో నా వీపు ఎంత కృతజ్ఞతతో ఉందో చెప్పలేను.

ఇప్పుడు మాది కర్ణాటక. నాయనమ్మ లేదు. వ్యానును తుక్కు కింద తూకం వేసి తీసుకెళ్ళారు. రంజన్ పగిలిపోతే మళ్ళీ కొనలేదు. మొరం రోడ్డు మీద తారు పడింది, గంజ్ ఇల్లు పంపకాల్లో మూడు తలుపులుగా చీలింది, ఏ తలుపు తట్టినా తెరుచుకోకముందే లోపలినుంచి ప్రశ్న వస్తుంది. చిన్నాయన, చిన్నమ్మ ఊరి చివర చిద్రిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పోయిన వారం ఉద్యోగం ఇంటర్వ్యూ ముగించుకుని బస్సు దిగి, ఎండలో నేరుగా అక్కడికే వెళ్ళాను. వాళ్ళ చిన్నమ్మాయి గేటు దగ్గరే ఎగురుకుంటూ వచ్చింది.

"అన్నా, నౌకరీ దొరికిందా?"

"ఆరనియ్యవే" అంది లోపలినుంచి చిన్నమ్మ.

కుర్చీ నీడలోకి జరిపింది, నీళ్ళిచ్చింది, తన పనిలో తాను పడింది. నౌకరీ రాలేదు. కానీ ఆ మాట చెప్పే వేళకు నా చొక్కా ఆరిపోయింది, చెప్పడం పెద్ద కష్టమేమీ కాలేదు.